షాఫ్ట్ మెలికలో టార్క్ లెక్క: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రైసు మిల్లు లైన్ షాఫ్ట్ నుంచి రొయ్యల చెరువు ఏరియేటర్ దాకా, ఈ నెల గోదావరి డెల్టా నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఆరు షాఫ్ట్ మెలిక గురించే. ఒకదాని జవాబు ఇంకోదానికి పనికొస్తుంది కాబట్టి అన్నీ ఒకేచోట ఇస్తున్నాం. లెక్కలన్నిటిలోనూ ఉక్కు దృఢతా గుణకం (మెలికను ఉక్కు ఎంత ఎదిరిస్తుందో చెప్పే అంకె, దీన్ని ‘జి’ అంటాం) చదరపు మి.మీ.కు 80,000 న్యూటన్లుగా తీసుకున్నాం.

ప్రశ్న (మండపేట): మా మిల్లులో 50 మి.మీ. లైన్ షాఫ్ట్ ఉంది. 15 హెచ్‌పీ మోటారు బెల్టు ఒక చివరి పుల్లీకి, హల్లర్ (వడ్ల పొట్టు తీసే యంత్రం) బెల్టు రెండో చివరి పుల్లీకి ఉన్నాయి. పుల్లీల మధ్య 3 మీటర్లు. రెండు పుల్లీల వ్యాసమూ 500 మి.మీ. షాఫ్ట్ 300 ఆర్పీఎం తిరుగుతుంది. పుల్లీల అంచుల మీద పెయింటు గీతలు పెట్టి స్ట్రోబ్ లైటుతో (తిరిగేదాన్ని నిలిచినట్టు చూపే మిణుకు లైటు) చూశాం. వడ్లు పోశాక హల్లర్ వైపు గీత 4.4 మి.మీ. వెనకబడుతోంది. దీన్నిబట్టి షాఫ్ట్ మీద ఎంత టార్క్ (మెలితిప్పే బలం) పడుతోందో చెప్పొచ్చా?

జవాబు: చెప్పొచ్చు. మీరు కొలిచిన తీరు కూడా బాగుంది. షాఫ్ట్ అంటే చాలా బిర్రుగా ఉండే స్ప్రింగ్ కాటా అనుకోండి. బరువుకు స్ప్రింగ్ ఎలా సాగుతుందో, టార్క్‌కు షాఫ్ట్ అలా మెలి తిరుగుతుంది. రెట్టింపు టార్క్‌కు రెట్టింపు మెలిక. ఇదే సూత్రం:

టార్క్ = జి × జె × మెలికోణం ÷ పొడవు

‘జె’ షాఫ్ట్ అడ్డుకోతకు సంబంధించిన అంకె, ధ్రువ జడత్వ భ్రామకం. నిండు రాడ్‌కు వ్యాసాన్ని నాలుగుసార్లు వేసి గుణించి, 3.1416తో హెచ్చించి, 32తో భాగిస్తే వస్తుంది. 50 మి.మీ.కు 6,13,592. దీన్ని 80,000తో గుణిస్తే 4,909 కోట్ల న్యూటన్ చదరపు మి.మీ., అంటే 49,087 న్యూటన్ చదరపు మీటర్లు. ఈ గుణకారమే మీ షాఫ్ట్ మెలి దృఢత్వం.

ఇక కోణం. వెనకబడిన దూరాన్ని పుల్లీ వ్యాసార్ధంతో భాగిస్తే నేరుగా రేడియన్లలోనే వస్తుంది: 4.4 ÷ 250 = 0.0176. డిగ్రీల జోలికి పోనక్కర్లేదు. 49,087 × 0.0176 ÷ 3 = 288 న్యూటన్ మీటర్లు. 300 ఆర్పీఎం దగ్గర ఇది 9.05 కిలోవాట్లు, సుమారు 12 హెచ్‌పీ. 15 హెచ్‌పీ మోటారు పూర్తి లోడు మీద నడిస్తే 356 న్యూటన్ మీటర్లు రావాలి (9550ని కిలోవాట్లతో గుణించి ఆర్పీఎంతో భాగించండి). బెల్టు జారుడు, మోటారు పూర్తి లోడుకు రాకపోవడం చూసుకుంటే 288 నమ్మదగిన అంకె.

అయితే ఈ 4.4 మి.మీ. మొత్తం షాఫ్ట్ మెలికేనా? మొదట తేల్చుకోవలసింది ఇదే. పుల్లీని షాఫ్ట్‌కు పట్టి ఉంచే ‘కీ’ (గాడిలో బిగించే ఇనుప ముక్క) వదులైతే లోడు పడగానే పుల్లీ ‘టక్’మని కొంత వెనక్కి జరుగుతుంది. ఆ దూరం కూడా మీ కొలతలో కలుస్తుంది. కనిపెట్టే దారి ఉంది. హల్లర్ గేటు కొంచెం తీసి ఒకసారి, సగం తీసి ఒకసారి, పూర్తిగా తీసి ఒకసారి కొలవండి. ప్రతిసారీ మోటారు కరెంటు కాకుండా వాట్‌మీటర్ రీడింగు రాసుకోండి. తక్కువ లోడు మీద కరెంటు లోడుకు తగ్గట్టు తగ్గదు. వాట్లను అడ్డంగా, మి.మీ.లను నిలువుగా గ్రాఫు కాగితం మీద పెడితే చుక్కలు ఒక గీత మీదికి వస్తాయి. ఖాళీగా తిరిగేటప్పటి వాట్ల దగ్గర ఆ గీత సున్నా మి.మీ.కు చేరితే కొలిచిందంతా మెలికే. సున్నాకు చేరకుండా ఒక మి.మీ. ఎత్తున ఆగిపోతే, ఆ ఒక మి.మీ. ‘కీ’ వదులు వల్ల వచ్చింది. దాన్ని తీసేసి లెక్క కట్టండి. తర్వాత కీ మార్చండి.

స్ట్రోబ్ విషయంలో ఇంకో జాగ్రత్త. లోడు పడితే షాఫ్ట్ వేగం కొంచెం తగ్గుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు సరిచేసిన లైటునే వాడితే రెండు గీతలూ పాకుతూ కనిపిస్తాయి. ప్రతి పుల్లీ పక్కన గోడకో స్టాండుకో ఒక ముల్లు బిగించండి. ప్రతి లోడు దగ్గరా లైటు వేగం సర్ది మోటారు వైపు గీతను దాని ముల్లు దగ్గర నిలబెట్టండి, ఆ తర్వాతే హల్లర్ వైపు గీత చదవండి. తిరిగే షాఫ్ట్‌కు ముల్లు గానీ కడ్డీ గానీ ఏదీ కట్టకూడదు. కండువా, లుంగీ కొసలు బెల్టు దరిదాపుల్లో ఉండకూడదు.

అసలు ‘జి’ అంకె మీద, వ్యాసం మీద నమ్మకం లేకపోతే షాఫ్ట్‌ను ఆపి బియ్యం బస్తాతోనే సరిచూసుకోవచ్చు. మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజులు తీసి, బెల్టులు రెండూ తీసేయండి. మోటారు వైపు పుల్లీని గట్టి క్లాంపుతో కదలకుండా పట్టండి. హల్లర్ వైపు పుల్లీకి ఒక యాంగిల్ ఇనుము అడ్డంగా బోల్టు చేసి, షాఫ్ట్ మధ్య నుంచి సరిగ్గా 1 మీటరు దూరంలో కొక్కెం పెట్టండి. యాంగిల్ బిగించాకే సున్నా గుర్తు పెట్టుకోవాలి. అప్పుడు దాని సొంత బరువు లెక్కలోకి రాదు. కాటా వేసిన 25 కిలోల బస్తా వేలాడదీస్తే 245 న్యూటన్ మీటర్లు పడతాయి. 50 మి.మీ. షాఫ్ట్ అయితే అంచు దగ్గర గీత 3.7 మి.మీ. జరగాలి. క్లాంపు వైపు గీత కూడా ఏమైనా జరిగితే ఆ మేరకు తీసేయండి. బస్తా దించాక గీత సున్నాకు తిరిగి రావాలి. రాకపోతే ఎక్కడో జారింది, మళ్లీ బిగించి చేయండి. ఇలా ఒక్కసారి చేసిపెట్టుకుంటే మీ షాఫ్ట్‌కు అంచు మీద ప్రతి మి.మీ.కు 65 న్యూటన్ మీటర్లు అని స్థిరపడుతుంది. ఆపైన జి, జె ఏవీ అక్కర్లేదు.

వ్యాసం మాత్రం వెర్నియర్‌తో మూడు నాలుగు చోట్ల కొలవండి. బేరింగు దగ్గర అరిగి 49 మి.మీ.కు దిగిన షాఫ్ట్‌ను 50 అని రాస్తే, నాలుగో ఘాతం కాబట్టి ఆ మేర దృఢత్వం దాదాపు 8 శాతం ఎక్కువ చూపిస్తాం.

ప్రశ్న (రాజమహేంద్రవరం, పాలిటెక్నిక్ విద్యార్థి): 30 మి.మీ. ఉక్కు షాఫ్ట్, పొడవు 600 మి.మీ., మెలిక 2 డిగ్రీలు. టార్క్ ఎంత? మా నలుగురికీ నాలుగు జవాబులు వచ్చాయి: 370, 925, 23, 21,206 న్యూటన్ మీటర్లు. ఏది సరి?

జవాబు: 370 సరి. మిగతా మూడూ ఎక్కడ తప్పాయో అంకెల్లోనే కనిపిస్తుంది. 21,206 వచ్చినవారు 2 డిగ్రీలను రేడియన్లలోకి మార్చలేదు, జవాబు 57.3 రెట్లు పెరిగింది. 925 వచ్చినవారు ‘జి’ బదులు యంగ్ గుణకం (సాగుడుకు సంబంధించిన అంకె) 2,00,000 వేశారు. 23 వచ్చినవారు వ్యాసం బదులు వ్యాసార్ధం వాడారు, జవాబు పదహారో వంతుకు పడిపోయింది.

సరైన దారి: జె = 79,522. రెండు డిగ్రీలు 0.0349 రేడియన్లు. 80,000 × 79,522 × 0.0349 ÷ 600 చేస్తే సుమారు 3,70,000 న్యూటన్ మి.మీ., అంటే 370 న్యూటన్ మీటర్లు.

టార్క్ వచ్చాక లెక్క ఆపేయకండి. ఉపరితలం మీద కోత ఒత్తిడి కూడా చూడండి: 16 × టార్క్ ÷ (3.1416 × వ్యాసం ఘనం). ఇక్కడ చదరపు మి.మీ.కు 70 న్యూటన్లు. 21,206 అనే జవాబుకు ఇదే చేస్తే 4,000 దాటుతుంది. అంత ఒత్తిడి తట్టుకునే షాఫ్ట్ ఉక్కు లేదు, కాబట్టి జవాబు తప్పని అక్కడికక్కడే తెలిసిపోతుంది. పరీక్షలో ఈ ఒక్క వరుస చాలా మార్కులు కాపాడుతుంది.

వ్యాసానికి 20 రెట్ల పొడవులో ఒక డిగ్రీకి మించి మెలి తిరగకూడదని లైన్ షాఫ్టులకు ఒక పాత నియమం ఉంది. ఉక్కు షాఫ్ట్ ఏ సైజుదైనా సరే, ఆ నియమం దగ్గర ఒత్తిడి చదరపు మి.మీ.కు 35 న్యూటన్లే వస్తుంది. వ్యాసం కొట్టుడు పోతుంది, చేసి చూడండి. కీ వే (కీ కూర్చునే గాడి) ఉన్న మామూలు షాఫ్ట్‌కు పాఠ్యపుస్తకాల్లో అనుమతించే 42 కన్నా అది తక్కువే. మీ లెక్కలో 600 మి.మీ. అంటే సరిగ్గా 20 వ్యాసాలు, మెలిక 2 డిగ్రీలు. అందుకే ఒత్తిడి రెట్టింపు, 70 వచ్చింది. లెక్కగా సరే గానీ, పనిలో అలాంటి షాఫ్ట్ పెట్టకూడదు.

ప్రశ్న (తణుకు): ఎంఎస్ (మెత్తటి ఉక్కు) రాడ్ మెలి తిరుగుతోందని అదే సైజులో ఈఎన్8 (ఇంకా బలమైన ఉక్కు రకం) రాడ్ వేయించాను. ఖర్చయింది గానీ మెలిక తగ్గలేదు. రాడ్ నాసిదా?

జవాబు: రాడ్ తప్పు కాదు. ఎంఎస్ అయినా, ఈఎన్8 అయినా, దాన్ని హార్డెనింగ్ చేయించినా ‘జి’ దాదాపు అంతే ఉంటుంది. ఈఎన్8కు పెరిగేది బలం, అంటే శాశ్వతంగా వంకరపోకుండా, విరగకుండా తట్టుకునే శక్తి. మెలి దృఢత్వం పెరగదు. షాఫ్ట్ విరుగుతుంటే మెటీరియల్ మార్చండి, మెలి తిరుగుతుంటే వ్యాసం పెంచండి లేదా పొడవు తగ్గించండి. 40 మి.మీ.ను 45 చేస్తే మెలిక 100 నుంచి 62కు దిగుతుంది. దీనికి బేరింగులు, పుల్లీ బోరు మారాలి, నిజమే. అయినా మీ ఇబ్బందికి మందు అదే.

ప్రశ్న (ఆకివీడు): రొయ్యల చెరువులో లాంగ్ ఆర్మ్ ఏరియేటర్. గేర్‌బాక్స్ నుంచి 25 మి.మీ. ఎంఎస్ రాడ్ 8 మీటర్లు, మీటరుకో చక్రం చొప్పున ఎనిమిది చక్రాలు. చివరి చక్రాలు వెనకబడి గడగడ వణుకుతున్నాయి. 1.5 కిలోవాట్ల మోటారు, చక్రాలు సుమారు 100 ఆర్పీఎం. ఎంత మెలిక పడుతోంది? రాడ్ మార్చాలా?

జవాబు: మార్చాలి, కానీ ఇంకా లావు రాడ్ కొనకండి. పైపు వేయండి.

ముందు టార్క్. 9550 × 1.5 ÷ 100 = 143. గేర్‌బాక్స్‌లో పోయేది తీసేస్తే 130 న్యూటన్ మీటర్లు అనుకుందాం. ఇక్కడ చాలామంది 130నీ 8 మీటర్లనూ నేరుగా సూత్రంలో పెట్టేస్తారు. అప్పుడు 19 డిగ్రీలు పైగా వస్తుంది, అది తప్పు. 130 మొత్తం మొదటి మీటరు మీదే ఉంటుంది. మొదటి చక్రం తన వంతు ఎనిమిదో భాగం నీళ్లలోకి తీసుకున్నాక రెండో మీటరు మీద 114, తర్వాత 98, అలా తగ్గుతూ చివరి మీటరు మీద 16 మాత్రమే మిగులుతుంది. ప్రతి మీటరు మెలిక విడిగా కట్టి కూడితే చివర వచ్చేది సుమారు 11 డిగ్రీలు. అయినా ఎక్కువే.

మెలిక ఒక్కటే కాదు, అది నిలకడగా లేకపోవడం అసలు బాధ. రెక్క నీటిని కొట్టినప్పుడల్లా రాడ్ మెలి తిరుగుతుంది, రెక్క పైకి లేవగానే విప్పుకుంటుంది. ఎనిమిది చక్రాల రెక్కలూ ఒకే వరుసలో ఉంటే అన్నీ ఒకేసారి కొడతాయి, గడగడ అక్కడి నుంచే. చక్రాలను విప్పి, పక్కపక్క చక్రాల రెక్కలు ఒకే గీతలో లేకుండా కొద్దికొద్దిగా తిప్పి బిగించండి. పైసా ఖర్చు లేకుండా వణుకు తగ్గుతుంది. ఈ పని ముందు చేయండి.

ఇక పైపు. ఒకటిన్నర అంగుళం మీడియం పైపు బయటి వ్యాసం 48.3, మందం 3.25 మి.మీ. దీని జె 2,34,591. మీ 25 మి.మీ. రాడ్‌ది 38,350. అంటే పైపు ఆరు రెట్లు బిర్రు. బరువు చూస్తే రాడ్ మీటరుకు 3.85 కిలోలు, పైపు 3.61. తక్కువ ఇనుముతో ఆరు రెట్ల దృఢత్వం! మెలిక 11 నుంచి 2 డిగ్రీల లోపుకు దిగుతుంది. రాడ్ నడిమి ఇనుము మెలికను దాదాపు ఏమీ ఆపదు. అంచున ఉన్న ఇనుమే ఆపుతుంది.

పైపుకు రెండు శత్రువులున్నాయి. ఒకటి తుప్పు. ఉప్పునీటి చెరువులో బయట చుట్టూ 1 మి.మీ. తినేస్తే దృఢత్వం మూడో వంతుకు పైగా పోతుంది. గాల్వనైజింగ్ ఉన్న పైపు తీసుకోండి, వెల్డింగ్ చేసిన చోట పూత కాలిపోతుంది కాబట్టి అక్కడ జింక్ పెయింటు రెండు కోట్లు వేయండి. రెండోది పైపు అతుకు. ఈ పైపులు రేకును చుట్టి నిలువునా అతికినవి. ఆ అతుకు తుప్పుకు విచ్చుకుంటే పైపు ఆకారం చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ మెలి దృఢత్వం దాదాపు 145వ వంతుకు పడిపోతుంది. అంకె అచ్చుతప్పు కాదు. కాగితాన్ని గొట్టంలా చుట్టి, అంచు అతికించకుండా మెలితిప్పి చూడండి. జిగురు పెట్టి ఆరాక మళ్లీ మెలితిప్పండి. తేడా చేతికే తెలుస్తుంది. పంట తీసిన ప్రతిసారీ పైపు అతుకును వైరు బ్రష్‌తో గీకి, పొడవునా చూడండి.

పైపు ముక్కలు కలిపే చోట ఒకే అడ్డ బోల్టు మీద ఆధారపడకండి. ముందుకీ వెనక్కీ కొట్టుకుని ఆ రంధ్రం కోడిగుడ్డులా సాగుతుంది. ఫ్లాంజి (బోల్టు రంధ్రాలున్న ఇనుప చక్రం) వెల్డు చేసి నాలుగు బోల్టులతో కలపడం మంచిది.

ప్రశ్న (రాజోలు): మా కాలువ తూము షట్టర్‌ను మధ్యలో ఒకే మోటారు ఎత్తుతుంది. అక్కడి నుంచి 40 మి.మీ. షాఫ్టులు చెరో 4 మీటర్లు రెండు వైపులా ఉన్న గేర్‌బాక్సులకు వెళ్తాయి. షట్టర్ ఒక పక్కకు 15 మి.మీ. వాలి ఇరుక్కుంటోంది. షాఫ్ట్ మెలి తిరగడం వల్లేనా?

జవాబు: కాదు. లెక్క చూస్తే మీకే తెలుస్తుంది. 40 మి.మీ. షాఫ్ట్ మెలి దృఢత్వం 20,106 న్యూటన్ చదరపు మీటర్లు. ఒక వైపు షాఫ్ట్ మీద 150 న్యూటన్ మీటర్లు పడినా 4 మీటర్లలో మెలిక 1.7 డిగ్రీలు. గేర్‌బాక్స్ నలభైకి ఒకటి చొప్పున తగ్గించేది అయితే డ్రమ్ము దగ్గర మిగిలేది 0.04 డిగ్రీ. 300 మి.మీ. డ్రమ్ము మీద అది తాడులో పదో వంతు మి.మీ. పైగా రెండు వైపులా షాఫ్టులు సమానమే కాబట్టి లోడు సమానంగా ఉంటే అటూ ఇటూ ఒకేలా మెలి తిరుగుతాయి.

15 మి.మీ. వేరే చోటి నుంచి వస్తోంది. షట్టర్ పూర్తిగా దించి రెండు తాళ్ల బిగువు చేత్తో లాగి చూడండి. ఒకటి వదులుగా ఉంటే టర్న్‌బకిల్‌తో (తాడు బిగువు సర్దే మర బిగింపు) సరిచేయాలి. తర్వాత కప్లింగులు. ఒకరు షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ ఊపుతుంటే ఇంకొకరు గేర్‌బాక్స్ వైపు చూడాలి. షాఫ్ట్ కదిలాక గేర్‌బాక్స్ ఇరుసు ఆలస్యంగా కదిలితే కీ గానీ పిన్ను గానీ అరిగింది. అదీ కాకపోతే పక్క గాడిలో మట్టో, రబ్బరు సీలు ముక్కో అడ్డుపడి ఉంటుంది. ఇరుక్కున్నప్పుడు మోటారు నడుపుతూనే ఉంటే మాత్రం ఆ వైపు షాఫ్ట్ మీదే మొత్తం టార్క్ పడుతుంది. అప్పుడు షాఫ్ట్ నిజంగానే పాడవుతుంది, వెంటనే ఆపించండి.

ప్రశ్న (నరసాపురం): బోటు ప్రొపెల్లర్ షాఫ్ట్ 40 మి.మీ., కప్లింగు కీ వే దగ్గర విరిగింది. ఇంజిను 22 కిలోవాట్లు, 1800 ఆర్పీఎం, గేరు మూడుకు ఒకటి. షాఫ్ట్ సన్నమైందా?

జవాబు: ఇంజిను దగ్గర టార్క్ 117 న్యూటన్ మీటర్లు. వేగం మూడో వంతుకు తగ్గితే టార్క్ మూడు రెట్లవుతుంది. షాఫ్ట్ మీద 350. చాలామంది ఈ మూడు రెట్లు మరిచిపోతారు. 40 మి.మీ.కు 350 అంటే ఒత్తిడి చదరపు మి.మీ.కు 28 న్యూటన్లు, కీ వే ఉన్న షాఫ్ట్‌కు అనుమతించిన 42 కన్నా తక్కువే. సైజు చాలు.

విరిగిన ముఖం చూడండి. బోర్డు మీద రాసే సుద్దముక్కను మెలితిప్పి విరిస్తే ముఖం 45 డిగ్రీల ఏటవాలుగా, స్క్రూ మర మాదిరిగా వస్తుంది. మీ షాఫ్ట్ కీ వే మూల నుంచి అలా ఏటవాలుగా మొదలై, ముఖం మీద అలల్లాంటి గీతలుంటే అది రోజూ కొద్దికొద్దిగా పాకిన పగులు. ముఖం అడ్డంగా, చదునుగా, నలిగి మెలిపడినట్టు ఉంటే వల చుట్టుకున్నప్పుడో, ఇసుక మేట తగిలినప్పుడో ఒక్కసారిగా పడిన అదనపు టార్క్.

మొదటిది అయితే లావు పెంచడం కన్నా కీ వే సరిగా కోయించండి. గుండ్రటి డిస్క్ కట్టర్‌తో కోసిన గాడి చివర నెమ్మదిగా పైకి తేలుతుంది. ఎండ్‌మిల్‌తో కోసింది నిటారు గోడలా ఆగిపోతుంది, పగులు ఆ మూలలోనే పుడుతుంది. గాడి అడుగు మూలలు కూడా కొంచెం గుండ్రంగా ఉండాలి. ఉప్పునీరు తగిలే ఉక్కుకు ‘ఇంతకన్నా తక్కువ ఒత్తిడైతే ఎన్నాళ్లైనా విరగదు’ అనే హద్దు ఉండదు. అందుకే స్టెర్న్ ట్యూబు గ్లాండు (షాఫ్ట్ బోటు బయటికి వెళ్లే చోట నీళ్లు ఆపే బిగింపు) కారుతుంటే ప్యాకింగ్ వెంటనే మార్చి, కప్లింగు వైపు నీళ్లు చేరకుండా చూసుకోండి. బోటు ఒడ్డుకు ఎక్కించినప్పుడల్లా కీ వే చివర్లను కిరోసిన్‌తో కడిగి, తుడిచి, సుద్దపొడి పూసి కాసేపు ఆగండి. పగులు ఉంటే లోపల మిగిలిన కిరోసిన్ సుద్దలోకి ఊరి సన్నటి తడి గీతలా బయటపడుతుంది.